యానొటేషన్ ఫైళ్లన్నిటిలో ఒకేసారి వెతకాలంటే: ఎలాన్ చాలా, స్క్రిప్టు రాయాలా?

భాషా రికార్డింగుల మీద సమయంతో జతచేసి రాసుకునే లిప్యంతరీకరణ, లేబుళ్లే యానొటేషన్లు; ఎలాన్ అందుకు వాడే ప్రోగ్రాము. రికార్డింగులు పదో పదిహేనో ఉన్నంతకాలం ఒక్కో ఫైలు తెరిచి, వెతికి, మూసేస్తే పని గడిచిపోతుంది. నలభై దాటాక అది కుదరదు. ఫలానా మాట ఎన్ని రికార్డింగుల్లో వచ్చింది, ఎవరి నోట వచ్చింది, అదే సమయంలో చేతి సైగ ఉందా లేదా అని తెలుసుకోవాలంటే ఫైళ్లన్నిటినీ ఒక్కసారిగా గాలించే సాధనం కావాలి. అలాంటివి అరడజనుకు పైగా ఉన్నాయి. అన్నీ ఉచితంగా దొరికేవే. చిక్కల్లా అవి వెతికే చోటుతోనే వస్తుంది. ఒకటి యానొటేషన్ల విలువల్లో మాత్రమే వెతుకుతుంది. ఇంకొకటి ఫైల్లో ఉన్న ప్రతి అక్షరాన్నీ తడుముతుంది. మరొకటి మీరు నిన్న తయారుచేసిన ప్రతిలో వెతుకుతుంది. అందుకే ఒకే ప్రశ్నకు మూడు సాధనాలు మూడు అంకెలు చెప్పడం మామూలే.

ఎంచుకునే ముందు తేల్చుకోవలసినవి

ముందుగా, మీ ప్రశ్న ఏ రకం? ఒక మాట ఎక్కడెక్కడ ఉందో చూడటం తేలిక, దాదాపు ఏ సాధనమైనా చేస్తుంది. రెండు టియర్ల (మాటలు, సైగలు అంటూ ఒక్కో రకం యానొటేషన్లుండే వరుసల) మధ్య సంబంధం అడగటం వేరే పని: "ఈ మాట పలికిన వ్యవధిలో సైగల టియర్‌లో ఏదైనా ఉందా", "ఈ క్రియ తర్వాత వచ్చే రెండో మాట నామవాచకమా" లాంటివి. లెక్కలు తీయడం మూడో రకం: ఒక్కో వక్తకు ఎన్నిసార్లు, సగటున ఎంతసేపు.

తర్వాత, ఫైళ్లు ఏ ఫార్మాటులో ఉన్నాయి, టియర్ల పేర్లు అన్ని ఫైళ్లలో ఒకటేనా? ఒక ఫైల్లో "మాట", ఇంకో ఫైల్లో "మాటలు", మూడో దాంట్లో "వక్త1_మాట" అని ఉంటే పేరును బట్టి వెతికే ఏ సాధనమైనా కొన్ని ఫైళ్లను చడీచప్పుడు లేకుండా దాటేస్తుంది.

ఫలితాన్ని ఏం చేయబోతున్నారో కూడా ఆలోచించుకోవాలి. ప్రతి ఉదాహరణనూ విని సరిచూడాలంటే ఫలితం మీద క్లిక్ చేయగానే శబ్దం దగ్గరికి తీసుకెళ్లే సాధనం కావాలి. గణాంకాలకు పట్టిక చాలు.

వీటన్నిటికన్నా ముఖ్యమైన ప్రమాణం ఒకటుంది, పోలికల్లో దాన్ని తరచూ వదిలేస్తారు: సున్నా ఫలితాలు వస్తే ఆ సున్నాను నమ్మవచ్చా? "ఈ భాషలో ఈ ప్రత్యయం రాలేదు" అనే మాటకూ "ఈ సాధనం ఆ ఫైళ్లను చదవలేదు" అనే మాటకూ తెర మీద తేడా కనిపించదు. ఏ సాధనం ఎన్ని ఫైళ్లు, ఎన్ని యానొటేషన్లు చూసిందో చెబుతుందో దానికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

| సాధనం | తీసుకునే ఫైళ్లు | టియర్ల మధ్య సంబంధం | ఫలితం నుంచి శబ్దానికి | తప్పు అంకె ఎక్కడ పుడుతుంది |
|---|---|---|---|---|
| ఎలాన్ మామూలు వెతుకులాట | ఈఏఎఫ్ (ఎలాన్ ఫైళ్లు) | లేదు | నేరుగా | డొమైన్‌లో చేరని ఫైళ్లు |
| ఎలాన్ స్ట్రక్చర్డ్ సెర్చ్ | ఈఏఎఫ్ | ఉంది | నేరుగా | టియర్ల పేర్లు, రకాలు కలవకపోవడం |
| గ్రెప్ (ఫైళ్లలో అక్షరాలు వెతికే ఆదేశం), టెక్స్ట్ ఎడిటర్ | టెక్స్ట్‌గా ఉన్న ఏదైనా | లేదు | లేదు | ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఫైల్లో దాచే పద్ధతి), బ్యాకప్ ప్రతులు, పదజాల జాబితాలు |
| ప్రాట్ (ధ్వని విశ్లేషణ ప్రోగ్రాము) స్క్రిప్టు | టెక్స్ట్‌గ్రిడ్ (ప్రాట్ ఫైళ్లు) | రాసుకోవాలి | రాసుకోవాలి | టియర్‌ను వరుస సంఖ్యతో పిలవడం |
| ఎక్సాక్ట్ | ఎక్స్‌మరాల్డా కార్పస్ (భాషా సేకరణ) | కొంతవరకు | నేరుగా | పాతబడిన సెగ్మెంట్ ప్రతి |
| క్లాన్ | చాట్ (క్లాన్ సొంత ఫార్మాటు) | కొంతవరకు | ఫైలు ద్వారా | పూర్తి మాటకే సరిపోల్చడం |
| పైథాన్ | ఏదైనా | ఉంది | లేదు | మీ కోడ్ |
| అన్నిస్ | మార్చి ఎక్కించినవి | బాగా ఉంది | ఎక్కిస్తే ఉంది | మార్పిడిలో జారిపోయినవి |

ఎలాన్: ఎక్కువమంది ఇక్కడే ఆగవచ్చు

నైమేగన్‌లోని మాక్స్ ప్లాంక్ మనోభాషాశాస్త్ర సంస్థ తయారుచేసిన ఎలాన్‌లో బహుళ ఫైళ్ల వెతుకులాటకు ఒకటి కన్నా ఎక్కువ దారులున్నాయి. అన్నీ సెర్చ్ మెనూలోనే ఉంటాయి, పేర్లు కూడా దగ్గరదగ్గరగా ఉంటాయి. ఒక దాంట్లో కుదరని పని ఇంకో దాంట్లో కుదురుతుందని తెలియక చాలామంది మొదటిదానితోనే సతమతమవుతారు.

"సెర్చ్ మల్టిపుల్ ఈఏఎఫ్" అన్నది మామూలు వెతుకులాట. ముందు డొమైన్ నిర్వచించాలి, అంటే ఏ ఫైళ్లు, ఏ ఫోల్డర్లు అన్నది. దానికో పేరు పెట్టి దాచుకుంటే మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. మాట టైపు చేసి, కావాలంటే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (అక్షరాల నమూనాతో వెతకడం) ఎంపికకు టిక్ పెట్టి వెతికితే ఫలితాలు వరుసలుగా వస్తాయి: ఫైలు, టియర్, ముందు యానొటేషన్, దొరికినది, తర్వాతది, మొదలు, ముగింపు సమయాలు. వరుస మీద రెండుసార్లు నొక్కితే ఆ ఫైలు ఆ చోటే తెరుచుకుంటుంది. ఎన్ని దొరికాయో, అవి ఎన్ని యానొటేషన్లలో ఉన్నాయో విడివిడిగా చెబుతుంది. ఒకే వాక్యంలో మాట రెండుసార్లు వస్తే ఈ రెండు అంకెలు వేరవుతాయి. రిపోర్టులో ఏ అంకె రాస్తున్నారో ముందే తేల్చుకోండి.

"స్ట్రక్చర్డ్ సెర్చ్ మల్టిపుల్ ఈఏఎఫ్" అన్నది అసలైన బలం. ఇందులో సింగిల్ లేయర్, మల్టిపుల్ లేయర్ అని ట్యాబులుంటాయి. సింగిల్ లేయర్‌లో వెతుకులాటను ఒక టియర్‌కో, ఒక రకం టియర్లకో, ఒక వక్తకో పరిమితం చేయవచ్చు. కనీస వ్యవధి, గరిష్ఠ వ్యవధి పెట్టవచ్చు. మల్టిపుల్ లేయర్‌లో గళ్లుంటాయి: ఒక్కో అడ్డవరుస ఒక్కో టియర్, నిలువు వరుసలు క్రమం. పై గడిలో మాట, కింది గడిలో సైగ పేరు రాసి, రెండింటి మధ్య "ఓవర్‌ల్యాప్" అని ఎంచుకుంటే ఒకే సమయంలో జరిగినవి మాత్రమే వస్తాయి. పూర్తిగా ఒకదాని లోపల ఒకటి ఉండాలంటే "విదిన్" ఎంచుకోవాలి. పక్కపక్క గడుల మధ్య ఎన్ని యానొటేషన్ల దూరమో చెప్పవచ్చు.

ఇక్కడ జారిపడే చోట్లు మూడు. ఓవర్‌ల్యాప్ అనేది కాలాన్నే చూస్తుంది, వక్తను చూడదు. టియర్ రకాన్ని బట్టి వెతికితే ఒకరి మాట, ఎదుటివారి సైగ జతపడి రావచ్చు. కాబట్టి ఫలితాల్లో రెండు టియర్ల పేర్లూ చూడాలి. "ఎగ్జాక్ట్ మ్యాచ్" పెడితే చివర ఒక్క ఖాళీ ఉన్నా యానొటేషన్ దొరకదు. లేబుళ్లు చేత్తో టైపు చేసిన కార్పస్‌లో ఇది రోజూ జరిగేదే, నియంత్రిత పదజాలం (ముందే సిద్ధం చేసి, అందులోంచే ఎంచుకునే లేబుళ్ల జాబితా) వాడితే రాదు. ఇక తెరిచి ఉన్న ఫైల్లో మార్పులు చేసి సేవ్ చేయకుండా బహుళ వెతుకులాట మొదలుపెట్టకండి.

అసలు పేర్లను బట్టి కాక టియర్ రకాన్ని బట్టి వెతకడం అలవాటు చేసుకుంటే సగం తలనొప్పులు పోతాయి. పేర్లలో వక్తల గుర్తులు ఉంటాయి కాబట్టి అవి ఫైలు ఫైలుకూ మారతాయి. రకం మాత్రం ఒకే టెంప్లేట్ నుంచి వస్తే మారదు.

దగ్గరగా ఒక ఉదాహరణ: "అంటే"

తెలుగు సంభాషణల్లో "అంటే" వాడుకను వెతుకుతున్నారనుకుందాం. ఆ మాట అలాగే టైపు చేస్తే విడిగా ఉన్న "అంటే" మాత్రమే వస్తుంది. "కాదంటే", "వద్దంటే", "రమ్మంటే", "ఏమిటంటే" ఒక్కటీ రావు. సంధి జరిగినప్పుడు అచ్చు అక్షరం అ మాయమై, ముందు హల్లులో కలిసిపోతుంది. ఆ అక్షరమే అక్కడ లేనప్పుడు కంప్యూటర్‌కు దొరకదు. సరే, మొదటి అక్షరం వదిలేసి మిగతాది వెతుకుదామంటే "ఉంటే", "వింటే", "తింటే", "లేకుంటే" కుప్పలుగా వచ్చిపడతాయి.

ఈ నమూనా మధ్యేమార్గం:

(అ|[క-హ])ంటే

సున్నాకు ముందు అ అయినా ఉండాలి, గుణింతం గుర్తు లేని హల్లయినా ఉండాలి అని దీని అర్థం. "వింటే"లో సున్నాకు ముందు గుడి ఉంది, "లేకుంటే"లో కొమ్ము ఉంది, "ఉంటే"లో ఉ ఉంది. అందుకే అవి రావు. "ఎందుకంటే" వస్తుంది. అనవసరంగా వచ్చేవి "ఆమెకంటే", "పంటే", "మంటే" లాంటివి. వాటిని చేత్తో తీసేయవచ్చు. ఈ నమూనా ఎలాన్‌లోనూ పైథాన్‌లోనూ ఒకేలా పనిచేస్తుంది. క్లాన్‌లో పనిచేయదు, అక్కడ నక్షత్రం గుర్తుతో వేరేగా రాయాలి. లిప్యంతరీకరణలో కొందరు "అంటె" అని పొట్టిగా రాసి ఉంటే దానికి మరో వెతుకులాట తప్పదు.

గ్రెప్, టెక్స్ట్ ఎడిటర్: వేగం ఉంది, కళ్లు లేవు

ఈఏఎఫ్ ఫైలు లోపల ఎక్స్‌ఎంఎల్ (గుర్తులు తగిలించిన టెక్స్ట్) ఉంటుంది, టెక్స్ట్‌గ్రిడ్ సాదా టెక్స్ట్. కాబట్టి ఫోల్డర్ మొత్తాన్ని ఎడిటర్‌లో తెరిచి వెతికితే వందల ఫైళ్లు క్షణాల్లో అయిపోతాయి. "ఈ మాట అసలు ఏ ఫైల్లోనైనా ఉందా" అని చూసుకోవడానికి ఇంతకన్నా మంచిది లేదు. లెక్కలకు మాత్రం దీన్ని వాడకండి. ఎందుకో వరుసగా చూడండి.

నియంత్రిత పదజాలంలోని విలువలు ఈఏఎఫ్ ఫైల్లోనే ఒక జాబితాగా నిల్వ ఉంటాయి. "నామవాచకం" అని వెతికితే ఆ లేబుల్ ఒక్కసారి కూడా వాడని ఫైల్లో సైతం ఒక ఫలితం వస్తుంది. ఎలాన్ స్వయంచాలక బ్యాకప్ ఆన్ చేసి ఉంటే పక్కనే .001 అని ముగిసే ప్రతి ఉంటుంది, అదీ లెక్కలోకి వచ్చి అంకె రెట్టింపవుతుంది. ఈఏఎఫ్‌లో సమయాలు మిల్లీసెకన్లలో ఫైలు పైభాగంలో వేరే జాబితాగా ఉంటాయి, యానొటేషన్ వాటిని గుర్తింపు సంఖ్యతో సూచిస్తుంది. అందుకే దొరికిన వరుస చూసి అది ఏ నిమిషంలో వచ్చిందో చెప్పలేం.

టెక్స్ట్‌గ్రిడ్‌ల విషయంలో ఇంకా పెద్ద గొయ్యి ఉంది. ప్రాట్ డిఫాల్ట్‌గా మొదట ఆస్కీలో (ఇంగ్లీషు అక్షరాలు, మామూలు గుర్తులు మాత్రమే పట్టే ఎన్‌కోడింగ్) రాయడానికి ప్రయత్నిస్తుంది, ఒక్క అక్షరం అందులో ఇమడకపోయినా ఫైలంతా యూటీఎఫ్-16లో రాస్తుంది. మామూలు గ్రెప్‌కు యూటీఎఫ్-16 ఫైల్లో ఏమీ దొరకదు. అంటే ఒకే ఫోల్డర్‌లో సగం ఫైళ్లు ఫలితాలిస్తాయి, సగం సున్నా అంటాయి, హెచ్చరిక ఉండదు. ప్రాట్ సెట్టింగుల్లో టెక్స్ట్ రైటింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకుని, ఫైళ్లన్నిటినీ ఒకసారి తిరిగి సేవ్ చేస్తే గొడవ తీరిపోతుంది. రిప్‌గ్రెప్ అనే సాధనం ఫైలు మొదట్లో ఉండే గుర్తును చూసి యూటీఎఫ్-16ను తానే పోల్చుకుంటుంది కాబట్టి తొందర పనికి అది మేలు.

ప్రాట్ స్క్రిప్టు

ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయానికి చెందిన పౌల్ బోయెర్స్మా, డేవిడ్ వీనింక్‌ల ప్రాట్‌లో ఫోల్డర్ మొత్తాన్ని వెతికే తయారు మెనూ లేదు. ఫైళ్ల జాబితా తీసుకుని, ఒక్కోటి చదివి, ఒక్కో ఇంటర్వల్ లేబుల్ చూసి, నచ్చినది పట్టికలో రాసే చిన్న స్క్రిప్టు రాసుకోవాలి. శ్రమ ఫలించేది ఒక్క సందర్భంలోనే: దొరికిన ప్రతి చోటా ఫార్మంట్లో (అచ్చులను వేరుపరిచే అనునాద పౌనఃపున్యాలు), స్వరస్థాయో, వ్యవధో కొలవాలన్నప్పుడు. వెతకడం, కొలవడం ఒకే చోట అయిపోతాయి.

స్క్రిప్టుల్లో టియర్‌ను 1, 2, 3 అని సంఖ్యతో పిలుస్తారు. ఒక ఫైల్లో ఎవరో పైన ఇంకో టియర్ చేర్చితే రెండోది మూడోదవుతుంది, స్క్రిప్టు మాత్రం తప్పు టియర్‌లో శ్రద్ధగా వెతుకుతుంది. ముందు టియర్ పేరు అడిగి, సరిపోతేనే ముందుకు వెళ్లేలా రాయండి. పాత టెక్స్ట్‌గ్రిడ్‌లలో ధ్వని గుర్తులు యూనికోడ్‌లో కాక బ్యాక్‌స్లాష్, రెండు రోమన్ అక్షరాల రూపంలో ఉండవచ్చు. ఆ ఫైళ్లలో అసలు గుర్తు కోసం వెతికితే దొరకదు.

ఎక్సాక్ట్, క్లాన్

ఎక్స్‌మరాల్డా అనే లిప్యంతరీకరణ సాధనాల కుటుంబంలో వెతికే పనిముట్టు ఎక్సాక్ట్. ఆ కుటుంబంలోనే కార్పస్ నిర్వహించే కోమాలో కార్పస్ కట్టుకుంటే వక్తల వివరాలు ఫలితాల పట్టికలో పక్క నిలువు వరుసల్లోకి వస్తాయి, ప్రతి ఫలితం పక్కన మీ విశ్లేషణ లేబుల్ రాసుకునే గడి చేర్చుకోవచ్చు. ఉదాహరణలను ఒక్కోటీ చూసి వర్గీకరించేవారికి ఈ ఒక్క సౌకర్యం కోసమే మారినా తప్పులేదు. అయితే అది వెతికేది మీరు దిద్దే మూల ఫైల్లో కాదు, దాని నుంచి తయారైన సెగ్మెంట్ ప్రతిలో. మూలం దిద్ది ప్రతిని తిరిగి తయారుచేయకపోతే పాత పాఠమే కనిపిస్తుంది.

బ్రయన్ మెక్‌విన్నీ చైల్డ్స్ అనే పిల్లల సంభాషణల సేకరణ ప్రాజెక్టుతో పాటు పెరిగిన క్లాన్ పిల్లల భాష మీద పనిచేసేవారి సొంతిల్లు. క్వాల్, కాంబో, ఫ్రెక్ అనే ఆదేశాలకు ఫోల్డర్‌లోని ఫైళ్లన్నిటినీ ఒకేసారి ఇవ్వవచ్చు. కలిపి లెక్కించమని ప్రత్యేకంగా చెప్పకపోతే ఫైలు ఫైలుకూ విడి లెక్క ఇస్తుంది. డేటా ముందే చాట్ ఫార్మాటులో ఉంటే వేరే ఆలోచన అక్కర్లేదు. కేవలం వెతకడం కోసం ఈఏఎఫ్‌ను చాట్‌లోకి మార్చడం మాత్రం నేను సిఫారసు చేయను. టియర్ల అమరిక అంతా ఆ ఫార్మాటుకు తగ్గట్టు సర్దాల్సి వస్తుంది.

పైథాన్

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో ఈఏఎఫ్‌కు పింపి, టెక్స్ట్‌గ్రిడ్‌కు ప్రాట్‌ఐఓ లాంటి లైబ్రరీలున్నాయి (తయారుగా దొరికే కోడ్). ఏ ప్రశ్నైనా అడగవచ్చు, అదే ప్రశ్నను వచ్చే ఏడాది అచ్చంగా మళ్లీ అడగవచ్చు. వ్యాసంలో అంకె వేసేవారికి ఇది పెద్ద లాభం.

రాసేటప్పుడు గుర్తుంచుకోవలసినవి: స్వతంత్ర టియర్ యానొటేషన్‌కు పింపి మొదలు, ముగింపు, విలువ అని మూడు ఇస్తుంది. మరో యానొటేషన్ మీద ఆధారపడే టియర్‌కు మాతృ యానొటేషన్ విలువతో కలిపి నాలుగు వస్తాయి. మూడే వస్తాయనుకుని రాసిన కోడ్ అక్కడ ఆగిపోతుంది. ఆగిపోవడమే మంచిది. పట్టనట్టు దాటేయమని రాస్తే పదవిభజన టియర్లన్నీ లెక్కలోంచి పోతాయి. రెండోది, పైథాన్‌తో వచ్చే రీ మాడ్యూల్ తెలుగు గుణింతాలను పద అక్షరాలుగా లెక్కించదు. "వాడికి" అన్న మాటను పద అక్షరాల నమూనాతో పట్టుకుంటే వ, డ, క అని మూడు ముక్కలు వస్తాయి. విడిగా ఇన్‌స్టాల్ చేసుకునే రెగెక్స్ మాడ్యూల్ వాడండి, లేదా ఖాళీల దగ్గర విడగొట్టండి.

అన్నిస్

కార్పస్ పూర్తయి, ఇక దిద్దుబాట్లు లేవనుకున్నాక, బ్రౌజర్‌లోనే పదిమందీ వెతుక్కునేలా ఇవ్వాలంటే అన్నిస్ తగినది. వాక్యనిర్మాణ వృక్షాలు, ఆధారసంబంధాలు కూడా అడగవచ్చు. ఫైళ్లను పెప్పర్ అనే పరికరంతో మార్చి ఎక్కించాలి, దిద్దిన ప్రతిసారీ మళ్లీ ఎక్కించాలి. ఇంకా యానొటేట్ చేస్తూనే ఉన్నవారికి ఇది భారం.

ఎవరికి ఏది

పరిశోధక విద్యార్థి, ఒక్కరే, ఎలాన్ ఫైళ్లు యాభై: స్ట్రక్చర్డ్ సెర్చ్ నేర్చుకోవడానికి ఒక రోజు పెట్టండి. స్క్రిప్టుల జోలికి ఇప్పుడే వెళ్లనక్కర్లేదు.

నలుగురైదుగురు యానొటేట్ చేసే జట్టు: రోజువారీ వెతుకులాటకు ఎలాన్, వారానికోసారి టియర్ పేర్లు, రకాలు, ఖాళీ యానొటేషన్లు సరిచూసే చిన్న పైథాన్ స్క్రిప్టు. ఈ రెండో భాగం లేకపోతే మొదటి భాగం ఇచ్చే అంకెలు నమ్మదగినవి కావు.

ధ్వనిశాస్త్రం మీద పనిచేసేవారు: కొలతలుంటే ప్రాట్ స్క్రిప్టు, లేకపోతే టెక్స్ట్‌గ్రిడ్‌లను ఎలాన్‌లోకి దిగుమతి చేసుకుని అక్కడే వెతకడం తేలిక.

ఉదాహరణలను ఒక్కోటి విని వర్గీకరించేవారు: ఎక్సాక్ట్. ఈఏఎఫ్ ఫైళ్లను ముందు అదే కుటుంబంలోని పార్టిటూర్ ఎడిటర్‌లోకి దిగుమతి చేసుకోవాలి.

సున్నా వచ్చినప్పుడు

ఏ సాధనమైనా ఈ పరీక్ష పెట్టండి. ప్రతి ఫైల్లోనూ తప్పకుండా ఉండే ఒక విలువ వెతకండి, లేదా ఏదో ఒక అక్షరం ఉన్న యానొటేషన్లన్నీ ఇమ్మని చుక్క గుర్తుతో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ రాయండి. ఫలితాల్లో వచ్చిన ఫైళ్ల సంఖ్య ఫోల్డర్‌లోని ఫైళ్ల సంఖ్యతో సమానం కావాలి. తగ్గితే ఏ ఫైలు రాలేదో చూడండి.

ఫైళ్లన్నీ వచ్చాయి, కానీ కళ్లకు కనిపిస్తున్న మాట దొరకలేదంటే తప్పు అక్షరాల్లో ఉంటుంది. తెలుగు ఐత్వం ఒకే సంకేతంగానూ ఉండవచ్చు, ఎత్వం, దాని కింది గుర్తు కలిసిన రెండు సంకేతాలుగానూ ఉండవచ్చు. తెర మీద తేడా తెలియదు. ఫైళ్లన్నిటినీ యూనికోడ్ ఎన్‌ఎఫ్‌సీ (ఒకే అక్షరాన్ని అంతటా ఒకే సంకేతంతో రాసే ప్రామాణిక) రూపంలోకి మారిస్తే ఇది పోతుంది. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో పొల్లు తర్వాత కీబోర్డు చేర్చే కనిపించని విభాజకం మాత్రం ఎన్‌ఎఫ్‌సీతో పోదు. దాన్ని అంతటా ఉంచాలో అంతటా తీసేయాలో జట్టుగా నిర్ణయించుకోవాలి. ధ్వనిలిపిలో దీర్ఘ గుర్తు బదులు మామూలు కోలన్ కొట్టడం కూడా ఇలాంటిదే.

ఈ దిద్దుబాట్లకు ఎలాన్‌లో బహుళ ఫైళ్లలో వెతికి మార్చే ఎంపిక ఉంది. అది మార్పులను నేరుగా ఫైళ్లలోనే రాసేస్తుంది, కాబట్టి నొక్కే ముందు ఫోల్డర్‌కు ఒక నకలు తీసుకోండి. ఆ నకలును డొమైన్‌లో ఉన్న ఫోల్డర్ లోపల కాక బయట పెట్టండి. లోపల పెడితే తర్వాతి వెతుకులాటలో ప్రతి ఫలితమూ రెండుసార్లు వస్తుంది.